కాగితం వెనకవైపు

“వెనకవైపు చెరిపావా?”

ప్రతి టూరుకీ ముందురోజు సాయంత్రం మా ఆయన అడిగే ప్రశ్న ఇది. నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టి, దుప్పటి మడతపెట్టి, రాసిన కాగితాలు మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తాను. పెన్సిల్ మరక ఎక్కడైనా మిగిలితే రబ్బరుతో రుద్దుతాను. “చెరిపాను” అంటాను. అప్పుడే ఆయన ఆ నాలుగు కాగితాలూ సంచిలో పెట్టుకుంటాడు.

మా ఆయన గైడు. మా ఊరికి నాలుగు గంటల దూరంలో ఒక పాత రాజధాని శిథిలాలున్నాయి. అక్కణ్ణుంచి ఇంకో గంట వెళితే నేలలోంచి నిలువునా లేచిన కొండకొమ్ములు, వాటి నెత్తిన మఠాలు. మొదటిరోజు శిథిలాలు, రాత్రి కొండ కింద బస, రెండోరోజు పొద్దున్నే మఠం. గుంపుల్ని తీసుకెళ్ళడు. ఒక్కరో ఇద్దరో, మహా అయితే ఒక కుటుంబం, వాళ్ళకంటూ విడిగా ఒక బండి. ఆయన గొంతు గంటలా మోగుతుంది. కూలిన గోడ పక్కన నిలబడి “ఇదిగో, సరిగ్గా ఇక్కడే...” అని ఆపితే వినేవాళ్ళు ఊపిరి కూడా తీసుకోరట. డ్రైవర్లూ హోటలు వాళ్ళూ అందరూ ఆయన్ని ‘గురువుగారు’ అంటారు.

ఆ గొంతులోంచి వచ్చే మాటలు నేను రాసినవి. పెళ్ళయిన కొత్తలో గ్రంథాలయం నుంచి లావుపాటి పుస్తకాలు మూడు తెచ్చి నా ముందు పెట్టి, “నీకు చదవడం ఇష్టం కదా, కాస్త చూసి రాసిపెట్టు” అన్నాడు. ఆ ‘కాస్త’ ఆరేళ్ళుగా సాగుతూనే ఉంది. జెరాక్సు కాగితం ఇస్తే నాసిగా ఉంటుందని, వచ్చిన ప్రతి ఒక్కరికీ వాళ్ళ పేరు పైన వేసి చేత్తో రాసివ్వాలన్నాడు. నాది పల్లెటూరి బడి చదువు. మా పంతులమ్మ కాగితం రెండోవైపు ఖాళీగా వదిలితే ఒప్పుకునేది కాదు. ఆ అలవాటు నాకు పోలేదు. పొయ్యి పక్కన నిలబడి రాజుల గురించి రాస్తూ ఉంటే ఏదో పని గుర్తొస్తుంది. కాగితం తిప్పి, వెనకాల పెన్సిల్‌తో సన్నగా రాసుకుంటాను. తరువాత చెరిపేస్తాను. హడావిడిలో చెరపడం మర్చిపోయిన రోజులూ ఉన్నాయి.

ఒకసారి ఒక పెద్దమనిషి శిథిలాల్లోని ఏడు స్తంభాల ముందు నిలబడి కాగితం తిప్పి పైకి చదివాడట. “అత్తయ్య మాత్రలు, పొద్దున రెండు, రాత్రి ఒకటి. దుప్పట్లు నానబెట్టాలి. పాప గోళ్ళు.” అందరూ పడీ పడీ నవ్వారట. ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయన చెప్పు కూడా విప్పకుండా అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “నా చరిత్ర వెనకాల నీ ఇంటిగోల ఎందుకు?”

నా చరిత్ర అన్నాడు. నీ ఇంటిగోల అన్నాడు. రెండూ నేను రాసినవే కదా, ఒకటి ఆయనది ఎలా అయింది, ఇంకోటి నాది ఒక్కదానిదే ఎలా అయింది అని అంట్లు తోముతూ చాలాసేపు ఆలోచించాను. అడగలేదు. బసలో దుప్పట్లు గరుకుగా ఉంటాయని ఇంట్లోవే ఉతికి ఇస్త్రీ చేసి పంపేది నేను. దారిలో తినడానికి రొట్టెలు, ఉడికించిన గుడ్లు డబ్బాల్లో సర్దేది నేను. టూరు కోసం ఫోను వస్తే ఎత్తి రమ్మనేది, వద్దనేది నేను. ఎవరైనా “మీ ఆవిడేం చేస్తారు” అని అడిగితే మాత్రం ఆయన, “ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది” అంటాడు. అత్తయ్యకైతే నా రాతే ఒక వేళాకోళం. రెండేళ్ళ కిందట నేను ఎర్రపూలు కుట్టిన నీలం దిండు ఒకటి ఇంట్లో కనపడకుండా పోయింది. అప్పటినుంచీ నేను కలం పట్టుకున్నప్పుడల్లా, “ఇంట్లో దిండు ఎటు పోయిందో తెలీని మనిషి, వెయ్యేళ్ళ కిందటి సంగతులు రాస్తుందట” అంటుంది.

ఈసారి టూరు బుక్ చేసుకున్నావిడ ఒంటరిగా వస్తోంది. అరవై అయిదు దాటిన పళ్ళ డాక్టరు. ముందురోజు మధ్యాహ్నం నేను దుప్పట్లు ఉతుకుతున్నాను. మా ఆయన ఫోన్లో మాట్లాడుకుంటూ వచ్చి సబ్బునీళ్ళ మీద అడుగేసి జారాడు. మడమ నిమిషంలో వంకాయంత అయింది. 

“నీళ్ళు సరిగ్గా కడగొద్దూ?” అంది అత్తయ్య.

“ఇంకా ఉతుకుతూనే ఉన్నాను కదత్తయ్యా.”

“ఉతికేటప్పుడే కడుగుతూ ఉండాలి.”

అది ఎలాగో నాకు అర్థం కాలేదు. మా ఆయన తెలిసిన గైడులందరికీ ఫోను చేశాడు. మంచి సీజను, ఎవరూ ఖాళీగా లేరు. డాక్టరుగారికి నేనే ఫోను చేసి, వాయిదా వేసుకోమని బతిమాలాను. “వద్దమ్మా,” అంది ఆవిడ. “వచ్చేవారం వస్తాను, వచ్చేవారం వస్తాను అని నా పేషెంట్లు నలభై ఏళ్ళు నన్ను ఏడిపించారు. వాయిదా వేస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఎవరో ఒకర్ని పంపు.”

మా ఆయన కాలు స్టూలు మీద పెట్టుకున్నాడు. చివరికి, “నువ్వు వెళ్ళు” అన్నాడు. “కాగితం ఆవిడ చేతికియ్యి. ఆవిడే చదువుకుంటుంది. నువ్వేం చెప్పబోకు, ఏదో ఒకటి వాగితే నా పేరు పోతుంది. శిథిలాల దగ్గర నీడ చూసుకుని కూర్చో. కొండ దగ్గర టీ కొట్టుంది, అక్కడే ఉండు. పైకి ఎక్కకు.”

“ఎందుకని?”

“మూడొందల మెట్లు. అవతల గోడ కూడా ఉండదు, అంతా లోయే. నీవల్ల కాదు. ఎక్కినవాణ్ణి, నేను చెప్తున్నా.”

రెండురోజులు ఇంట్లో లేకుండా పోవడానికి ఆ పూట మూడురోజుల పని చేశాను. కూరలు వండి డబ్బాల్లో పెట్టాను. పాప బట్టలు రోజుకో జత వరసగా పెట్టాను. అత్తయ్య మాత్రలు పూటకో పొట్లం కట్టి పెట్టాను. ఇంత చేసి గుమ్మం దిగుతుంటే అత్తయ్య, “హాయిగా షికారు చేసి రా” అంది. నాలుగేళ్ళ మా పాప మాత్రం నా కొంగు పట్టుకుని, “అమ్మా, నువ్వు గురువుగారివా?” అని అడిగింది. మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వులు వేరు.

బండి నడిపే అన్న పేరు ఎవరికీ గుర్తులేదు. ‘నిదానం’ అనే పిలుస్తారు. ఎద్దుబండి దాటిపోయినా తొందరపడడు. డాక్టరుగారు ముందు సీట్లో కూర్చుని, “బాబూ, నా వయసు కొంచెం చూసుకుని నడుపు. ఇలా అయితే చేరేసరికి నన్ను కూడా శిథిలాల్లో కలిపేస్తారు” అంది. నిదానం అన్న ఎంతో మర్యాదగా ఇంకొంచెం నెమ్మది చేశాడు.

శిథిలాల దగ్గర మా ఆయన చెప్పినట్టే నీడన కూర్చున్నాను. ఏడు స్తంభాలూ ఎండలో నిలబడి ఉన్నాయి. ఆరేళ్ళుగా వాటి ఎత్తు, చుట్టుకొలత, కట్టించినవాడి తాతపేరు రాస్తున్నాను. తేనెరంగులో ఉంటాయని, వాటి నీడలో బల్లులు పడుకుంటాయని నాకు తెలీదు. డాక్టరుగారు కాగితం చేతిదూరంలో పట్టుకుని కళ్ళు చిట్లించి, కాసేపటికి నా దగ్గరికే వచ్చింది.

“కళ్ళజోడు బండిలో ఉంది. నిదానాన్ని పంపిస్తే రేపటికి తెస్తాడు. చదివి పెట్టమ్మా.”

చదవడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. రెండో పేరాకి కాగితం చూడటం మానేశానని నాకే తెలీలేదు. స్తంభాల మధ్య నడుస్తున్నాను. ఆవిడ వెనకాల వస్తోంది. “మొదట ఇవి అరవై నాలుగండీ. భూకంపానికి పడిపోగా ఈ ఏడూ మిగిలాయి” అంటే, “నా పేషెంట్ల దవడల్లానే ఉన్నాయి. వేళకి వచ్చుంటే అన్నీ నిలబెట్టేదాన్ని” అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

రాజుగారి సభ వెనకాల వంటశాల ఉండేది. పుస్తకాల్లో దాని గురించి ఒక్క వాక్యమే ఉంది కాబట్టి, నేనూ ఒక్క వాక్యమే రాశాను. అక్కడ వరసగా పదకొండు రుబ్బురాళ్ళున్నాయి. ఒక్కొక్క రాయి మధ్యలో చెయ్యి మోచేతిదాకా దిగేంత గుంట. ఆ గుంటలో చెయ్యి పెట్టి చూశాను. పట్టులాగా నున్నగా ఉంది. ఉలితో చెక్కితే అంత నునుపు రాదు. తిప్పి తిప్పి, అరిగి అరిగి వచ్చిన నునుపు అది. ఎంతమంది, ఎన్ని తరాలు ఇక్కడ కూర్చుంటే రాయి ఇంత దిగుతుంది! గోడమీద రాజుగారు గెలిచిన యుద్ధాలు చెక్కి ఉన్నాయి, సగం చెరిగిపోయాయి. ఈ గుంటల్ని మాత్రం ఎవరూ చెరపలేకపోయారు. అదంతా నేను మనసులో అనుకుంటున్నాననే అనుకున్నాను. పైకే అన్నానని డాక్టరుగారి మొహం చూశాక తెలిసింది. ఆవిడ కూడా వంగి ఇంకో రాయిలో చెయ్యి పెట్టింది.

“ఇది కాగితంలో ఉందా?” అంది.

“లేదండీ.”

“రాయి మరి.”

ఆ రాత్రి కొండ కింద బసలో నేను ఉతికిన దుప్పటి మీద నేనే పడుకున్నాను. తెల్లవారి మెలకువ వచ్చాక లేచి కూర్చుని, ఏం చెయ్యాలో తోచక చేతులకేసి చూసుకున్నాను. కాచాల్సిన పాలు లేవు. లేపాల్సినవాళ్ళు లేరు. ఎవరో తలుపు కొట్టి, నాకు టీ ఇచ్చి వెళ్ళారు. ఆ టీ ఆఖరి చుక్కదాకా వేడిగా తాగాను.

కొండ మొదట్లో టీ కొట్టుంది. పైకి చూస్తే మెడ పట్టేసింది. బండలోకి తొలిచిన మెట్లు దారంలాగా పైకి పోయి, ఒక తెల్లటి గోడలో కలిసిపోయాయి. “నేనిక్కడే ఉంటానండీ” అన్నాను డాక్టరుగారితో. “మీరు వెళ్ళిరండి.”

“ఎందుకు?”

“నావల్ల కాదన్నారు.”

“ఎవరు?”

“మా ఆయన.”

ఆవిడ తన మోకాలి మీద చేత్తో కొట్టింది. “ఇది స్టీలుది, తెలుసా? ఆపరేషను చేసిన కుర్రాడికి కూడా దీనిమీద నమ్మకం లేదు. ఇదే ఎక్కుతానంటోంది. ఇంతకీ నీ మోకాళ్ళు ఎవరివి, నీవా, మీ ఆయనవా?”

టీ కొట్టు వైపు తిరిగాను. కొట్టావిడ “రా అమ్మా, కూర్చో. గురువుగారి కుర్చీ ఖాళీగానే ఉంది” అంటూ ఒక చేతుల కుర్చీ జరిపింది. కుర్చీలో నీలం దిండు. మీద ఎర్రపూలు. మధ్యపూవు రేకులు నాలుగే. అయిదోది కుడుతుంటే పాప ఏడ్చింది, మళ్ళీ కుట్టలేదు.

నేను దిండుకేసి చూడటం నిదానం అన్న చూశాడు. తల గోక్కున్నాడు. ఎన్నడూ లేనిది గబగబా మాట్లాడాడు. “గురువు పైకెక్కడమ్మా. మొదటి ఏడాది సగందాకా వెళ్ళి, కళ్ళు తిరిగి కూలబడిపోయాడు. నేనే చెయ్యి పట్టుకుని దింపా. అప్పట్నుంచీ కాగితం చేతికిచ్చి మనుషుల్ని పంపేసి, ఇక్కడ కూర్చుంటాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు.”

“మరి నాకెందుకు చెప్తున్నావన్నా?”

“దిండు చూశావుగా” అన్నాడు.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కళ్ళు తిరిగి మెట్టుమీద కూలబడ్డ మనిషి కనిపించాడు. ఇంటికొచ్చి ఆ సంగతి నాతో చెప్పలేక, నావల్ల కాదని నాకే చెప్పిన మనిషి కనిపించాడు. ఆయన భయాన్ని నాదనుకుని నేను మోశానన్నమాట. చెప్పుల పట్టీ బిగించుకున్నాను. డాక్టరుగారు చేతికర్ర తీసుకుని ముందు నడిచింది.

భయం వెయ్యలేదంటే అబద్ధం. నూరో మెట్టు దగ్గర లోయ కనపడింది. పక్కనున్న బండకి ఆనుకుని నిలబడ్డాను. ఇంట్లోనే ఉంటుందండీ. దిండు ఎటు పోయిందో తెలీని మనిషి. ఏదో ఒకటి వాగితే నా పేరు పోతుంది. ఒక్కొక్క మాటా ఒక్కొక్క మెట్టు మీద పెట్టి, దానిమీద కాలేసి ఎక్కాను. రెండు వందలు దాటేసరికి మాటలు అయిపోయాయి. ఇంకా మెట్లున్నాయి. గాలి ఉంది. ఎక్కడో కింద నిదానం అన్న బండి చీమంత ఉంది. డాక్టరుగారు పదిమెట్లకోసారి ఆగి, “స్టీలుకి ఆయాసం ఉండదు, నాకే” అంటోంది. చివరి మెట్టు మీద కాలు పెట్టినప్పుడు నా పెదాల మీద అంకె ఉంది. మూడు వందల పదకొండు.

తలుపు దగ్గర ఒక సన్యాసిని చీపురుతో వాకిలి ఊడుస్తోంది. యాభై ఏళ్ళుంటాయేమో. చీపురు గోడకి ఆనించి, ఇద్దరికీ నీళ్ళిచ్చింది. డాక్టరుగారి చేతిలో కాగితం చూసి, “ఓ, ఇది కొత్తదా? ఇలా ఇవ్వండి” అంది. చదివింది. నాకేసి చూసింది. మళ్ళీ కాగితంకేసి చూసింది. 

“రాసినామె నువ్వేనా?”

“నేనేనండీ. ఆమె అని ఎలా తెలిసింది?”

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక రేకుపెట్టె తెచ్చింది. మూత తీసింది. పెట్టెనిండా నా గుండ్రటి అక్షరాలు. ఆరేళ్ళ కాగితాలు. కొన్ని ఎండకి పసుపయ్యాయి, కొన్ని మడతల దగ్గర చిరిగితే అతికించి ఉన్నాయి. దిగేటప్పుడు చేతులు ఖాళీగా ఉండాలని చాలామంది కాగితాలు ఇక్కడే వదిలేస్తారట. గైడు లేకుండా వచ్చినవాళ్ళకి ఆవిడ ఇవి ఇచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకుంటుందట. “ఎంతమంది నీ కాగితం పట్టుకుని ఈ గదులు తిరిగారో నీకు తెలీదు” అంది. “మొదట్లో ముందువైపే చదివేదాన్ని. ఒకరోజు తిప్పి చూశాను. అప్పట్నుంచీ వెనకవైపు కూడా చదువుతున్నాను.”

నా మొహం వేడెక్కింది. “చెరపడం మర్చిపోయినవండీ అవి.”

“చెరిపినవి కూడా వెలుతురుకి పట్టుకుంటే కనిపిస్తాయి. నువ్వు గట్టిగా నొక్కి రాస్తావు” అంది ఆవిడ. తరువాత ఏదో ముఖ్యమైన సంగతి అడుగుతున్నట్టు దగ్గరికి జరిగి, “పాప గోళ్ళు తీశావా మరి?” అంది.

డాక్టరుగారు పకాలున నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. “తీశానండీ” అన్నాను.

కాగితాల్లో తప్పులు ఆవిడ పెన్సిల్‌తో దిద్ది పెట్టింది. మెట్లు మూడు వందలు కాదు, మూడు వందల పదకొండు. భోజనాల గది కిటికీ తూర్పు కాదు, పడమర. ఆ కిటికీ గురించి నేను ఒకప్పుడు మా ఆయన్ని అడిగాను. బల్లమీద వెలుగు ఎప్పుడు పడుతుందని. “పొద్దున్నే, తూర్పు కిటికీ” అని ఠక్కున చెప్పాడు. ఆ ఒక్కటే నేను పుస్తకంలో చూడకుండా రాసినది. ఇప్పుడు ఆ బల్ల ముందు నిలబడ్డాను. పొడవాటి చెక్కబల్ల, పొద్దుటి పూట నీడలో చల్లగా ఉంది. కిటికీలోంచి ఇంకా వెలుగు చేరని లోయ కనిపిస్తోంది. డాక్టరుగారి కాగితం మీద నా చేత్తో ‘పడమర’ అని రాశాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన కాలు స్టూలు మీదే ఉంది. అంట్లు దొడ్డినిండా ఉన్నాయి. పాప వచ్చి కాళ్ళకి చుట్టుకుంది.

“కిందే ఉన్నావుగా?” అన్నాడు. “ఆవిడేమన్నా అడిగిందా?”

“భోజనాల గదిలో కిటికీ ఏవైపు ఉందని అడిగింది.”

“తూర్పు. నువ్వే రాశావుగా.”

“మీరు చెప్తే రాశాను” అన్నాను. సంచిలోంచి నీలం దిండు తీసి, ఆయన మడమ మెల్లగా ఎత్తి, దాని కింద పెట్టాను.

అత్తయ్య గుమ్మంలోంచి చూసింది. “అయ్యో, ఆ దిండే! ఎక్కడ దొరికిందే?”

మా ఆయన దిండుకేసి చూస్తున్నాడు, తల ఎత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి. ఒక్కమాట అంటే చాలు. ఆ మాట నాలుక చివర ఉంది కూడా. “దారిలో మర్చిపోయారట అత్తయ్యా, దొరికింది” అన్నాను.

అత్తయ్య వంటింట్లోకి వెళ్ళాక ఆయన అన్నాడు. గంటలా మోగే గొంతు కాదు అది. “నాకు ఎత్తంటే భయం.”

“తెలిసింది. మూడొందల పదకొండు మెట్లండీ. నాకూ భయం వేసింది. ఎక్కాను.” దిండు కొంచెం సర్ది అన్నాను. “స్తంభాల దగ్గర మీలాగా ఎవరూ చెప్పలేరు. కాలు బాగయ్యాక అక్కడ మీరు చెప్పండి. రుబ్బురాళ్ళ దగ్గరా, కొండమీదా నేను చెప్తాను. అప్పటిదాకా రెండూ నేనే.”

ఆయన దిండు మీద నాలుగు రేకుల పువ్వుని వేలితో రాస్తూ కూర్చున్నాడు.

పదిరోజులకి డాక్టరుగారి చెల్లెలు ఫోను చేసింది. “మా అక్క చెప్పింది, ఆ అమ్మాయే రావాలి” అంది. బయల్దేరే ముందురోజు సాయంత్రం నేను కాగితాలు రాయడం పూర్తిచేశాను. ఈసారి అయిదు కాగితాలు. రుబ్బురాళ్ళకే ఒకటి పట్టింది. మా ఆయన కర్ర ఆనించుకుని కుంటుతూ వచ్చాడు. అలవాటు కొద్దీ అడిగాడు.

“వెనకవైపు చెరిపావా?”

“లేదండీ. ఈసారి పెన్నుతో రాశాను.”

కాగితం తిప్పి చూశాడు. అత్తయ్య మాత్రలు, పొద్దున రెండు, రాత్రి ఒకటి. దుప్పట్లు నానబెట్టాలి. పాప గోళ్ళు. పాలు పొంగకుండా చూడాలి. పేజీ సగందాకా ఉంది. 

“ఈ కాగితం నాతో వచ్చేస్తుంది” అని ఒక తెల్లకాగితం, పెన్నూ ఆయన ముందు పెట్టాను. “నేను లేని రెండురోజులూ ఇవన్నీ మీ పనులు. మీ చేత్తో రాసుకోండి.”